మలుపుల్లో ఒరగని బండి

జూన్ 9

చిన్నోడూ,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకుంటాను. అందుకని రాస్తున్నాను.

ఒక పని పడింది. మీ అక్క బండికి వెనక చక్రాల మధ్య ఉండే స్టెబిలైజర్ రాడ్డు ఇప్పుడున్నదానికంటే లావుది కావాలి. మలుపు తిరిగేటప్పుడు బండి ఒక పక్కకు ఒరగకుండా రెండు పక్కలనూ కలిపి పట్టి ఉంచే కడ్డీ. స్పేర్ పార్టుల కొట్లో పనిచేసేవాడివి, నీకు నేను చెప్పడం తాతకు దగ్గు నేర్పడమే. ఇక్కడి మెకానిక్ బండి కింద దూరి చూసి, "ఇది రాడ్డు కాదు సార్, చీపురు పుల్ల" అన్నాడు. ఆయన గొంతు బొంగురు. ఊరంతా బొంగురాయన అనే పిలుస్తారు, నేనూ అంతే. లావుది ఇక్కడ దొరకదట. పాతదాని కొలతలు వెనక పేజీలో గీశాను.

కారణం అత్తయ్య. మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కు కొండ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మీ అక్క ఉన్నన్నాళ్ళు తనే తీసుకెళ్ళేది. ఇప్పుడు నేను తీసుకెళుతున్నాను. అత్తయ్య వెనక సీట్లో కూర్చుంటుంది. అద్దంలో కనిపిస్తూ ఉంటుంది. మలుపు రాగానే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. మలుపు దాటాక తీసేస్తుంది. ప్రతి మలుపుకూ అంతే. ఎంత నెమ్మదిగా తిప్పినా అంతే. అడిగితే "ఏం లేదు నాయనా" అంటుంది. వాంతి ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

మీ అక్క నడిపిందీ ఇదే బండి, ఇదే దారి. అప్పుడు తువ్వాలు లేదు. కనుక లోపం బండిది కాదు, నా చేతిది. ఈ వయసులో చేయి మార్చుకోలేను. బండిని మార్చవచ్చు.

చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

బావ

*

జూన్ 17

బావా,

నీ ఉత్తరం కొట్లోనే చదివాను. మా ఓనరు భుజం మీంచి తొంగిచూసి, "ఏమయ్యా, మీ బావ రేసుల్లోకి దిగుతున్నాడా?" అన్నాడు. "మా బావ సంగతి మీకు తెలీదండీ, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేటప్పుడు కూడా ఇండికేటర్ వేస్తాడు" అన్నాను. కొట్లో అందరూ నవ్వారు. నువ్వు కోప్పడవని తెలిసే అన్నాలే.

రాడ్డు లారీ పార్సిల్లో వేశాను. రబ్బరు బుష్షులు, రాడ్డుని పట్టి ఉంచే లింకులు అన్నీ కొత్తవే పెట్టాను. రాడ్డుకి రెండు కొసల్లోనూ రెండేసి రంధ్రాలుంటాయి. ఏ రంధ్రంలో బిగించాలో మీ బొంగురాయనకి తెలిసే ఉంటుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. వెనక మరీ బిగిసిపోతే వానలో వెనక చక్రాలు జారి బండి తోక ఊపుతుంది. తడి రోడ్డు మీద ఇండికేటర్ వేసినంత మాత్రాన సరిపోదు బావా.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం అమ్మ ఫోన్లో ఏమందో తెలుసా? "మీ బావ స్టీరింగు తిప్పుతుంటే నా పేగులు కూడా తిరుగుతున్నాయిరా. రోడ్డు మీదకంటే నా కడుపులోనే మలుపులెక్కువ" అంది. అని పకపకా నవ్వింది. అక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయాక, అమ్మ నవ్వడం అదే మొదలు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నేనూ మా ఆవిడా దాని గురించే మాట్లాడుకున్నాం.

బావా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అమ్మ నీకు బరువైపోతోందా? కన్నకొడుకుని నేనుండగా అల్లుడి చేత మోయిస్తున్నానని మా వాళ్ళు గుచ్చుతూనే ఉన్నారు. వాళ్ళ నోళ్ళకేం, మూతలుండవు. కానీ నీ ఉత్తరం చదివాక నాకే సిగ్గేసింది. ఆవిడ కోసం నువ్వు బండి విప్పించుకునే దాకా వచ్చింది. మాకు ఆసుపత్రి రెండు వీధుల అవతలే. నువ్వు ఊ అంటే వచ్చి తీసుకెళ్తాను. మొహమాటం పడకు.

చిన్నోడు

*

జూలై 1

చిన్నోడూ,

రాడ్డు చేరింది. బొంగురాయన బిగించాడు. నట్లు చేత్తో తిప్పి వదిలి, బండిని జాకీ మీద నుంచి దించి, చక్రాలు నేలకు ఆనిన తర్వాత గట్టిగా బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుందట. నేను టార్చి పట్టుకున్నాను. "ఈ రాడ్డు పందేలకెళ్ళేవాళ్ళు వేయించుకుంటారు సార్, మీరు ఆసుపత్రికెళ్ళడానికి వేయించుకుంటున్నారు" అన్నాడు. అవునన్నాను. నట్టు బిగుసుకుంటుంటే ఒక పని జరుగుతోందని అనిపించింది. అలా అనిపించి చాలా కాలమైంది.

మలుపుల్లో బండి ఇప్పుడు ఒరగడం లేదు. ఇదివరకు డాష్‌బోర్డు మీద కళ్ళజోడు పెట్టె ఈ కొసనుంచి ఆ కొసకు జారేది. ఇప్పుడు పెట్టినచోటే ఉంటోంది. కానీ తువ్వాలు మాత్రం మానలేదు. ఇదివరకు ఎన్ని మలుపులకో ఇప్పుడూ అన్నింటికీ.

పైగా కొత్త చిక్కు వచ్చింది. ఒక చక్రం గుంతలో పడితే రెండో పక్క కూడా అదురుతోంది. ఆసుపత్రి గేటు ముందర గుంతలో అత్తయ్య తల కిటికీకి తగిలింది. తగిలిందా అని అడిగాను. "తలే కదా నాయనా, తగలనీ" అంది. ఇంటికి వచ్చాక చూస్తే కణత దగ్గర కమిలి ఉంది. నేను చూడగానే పమిట తల మీదికి లాక్కుంది.

నువ్వు రాసిన పేగుల మాట చదివాను. నాతో అనలేక నీతో అంది. అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మీ ఇంటికి ఆసుపత్రి దగ్గర. అది నిజం. అత్తయ్య సుఖమే ముఖ్యం. నా సంగతి ఆలోచించకు. నీ ఇష్టం ఎలా ఉంటే అలా చేద్దాం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. తోక ఊపడం గురించి చెప్పావు కనుక జాగ్రత్తగా ఉన్నాను.

బావ

*

జూలై 8

బావా,

నా ఇష్టమన్నావు. అర్థమైంది. ఇన్నాళ్ళూ ఒక్క మాట పైకి అనకుండా మోశావు, అదే గొప్ప. మా ఆవిడ కూడా అదే అంది. "అన్నయ్య ఒంటరి మనిషి, ఆఫీసూ, వంటా, ఆసుపత్రీ, ఎన్నని చేస్తారు? మనమే ముందు అడగాల్సింది" అని నన్ను కడిగేసింది.

పేగుల మాట సరదాకి రాశాను, నువ్వేమో దాన్ని కోర్టు తీర్పులా తీసుకున్నావు. పోనీలే.

కుట్టుమిషన్ హాల్లోకి లాగి చిన్నగది ఖాళీ చేశాం. నాన్నమ్మ పక్కన ఎవరు పడుకోవాలని పిల్లలిద్దరూ ఇప్పట్నించే జుట్లు పట్టుకుంటున్నారు. ఇక్కడి ఆసుపత్రిలో మాట్లాడాను. వచ్చే ఒకటో తారీకు నుంచి డయాలసిస్‌కి అమ్మకి చోటు ఇస్తామన్నారు. అది వదులుకుంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేరట.

అమ్మనీ అడిగాను. "అల్లుడు ఎలాగంటే అలాగే" అంది. "నీకేం కావాలో చెప్పవే" అంటే, "నాకేం కావాల్రా, మీ ఇద్దరికీ ఇబ్బంది లేకపోతే చాలు" అంది. ఆవిడ దగ్గర ఇంతకంటే పిండలేం కదా.

రాడ్డు సంగతి. గుంతల్లో అలా అదురుతోందంటే లోపలి రంధ్రంలో బిగించి ఉంటాడు. చివరి రంధ్రంలోకి మార్పించు, కాస్త మెత్తబడుతుంది. అది సరే, అమ్మ వెనకెందుకు కూర్చుంటోంది? అక్క నడిపేటప్పుడు ముందు సీట్లోనే కదా కూర్చునేది! వెనక ఊపు ఎక్కువ. ముందు కూర్చోబెట్టు బావా. దానికి రాడ్డు అక్కర్లేదు, పానా అక్కర్లేదు.

నేను ఎప్పుడో రావాల్సింది. అక్క పోయినప్పుడు కూడా రెండ్రోజులుండి పారిపోయాను. గుమ్మం దగ్గర అక్క చెప్పులు చూడలేక. నువ్వు ఆ గుమ్మంలోంచే రోజూ తిరుగుతున్నావు.

చిన్నోడు

*

జూలై 20

చిన్నోడూ,

చివరి రంధ్రంలోకి మార్పించాను. గుంతల్లో నయం. మలుపుల్లో కొద్దిగా ఒరుగుతోంది, మునుపటంత కాదు.

ముందు సీటు గురించి అడిగావు. మీ అక్క పోయాక మొదటిసారి ఆసుపత్రికి బయలుదేరిన రోజున నేను ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య నా వంక ఒకసారి చూసింది. వెనక తలుపు తనే తీసుకుని ఎక్కింది. ఆ తర్వాత నేను అడగలేదు. నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదని అనుకున్నాను. తప్పుపట్టను. కూతురు కూర్చున్న చోట నేను కూర్చున్నాను. సీటు కూడా నా కాళ్ళకు తగ్గట్టు వెనక్కి జరుపుకున్నాను. మీ అక్క పొట్టి కదా, బాగా ముందుకు ఉండేది. ఎంత ముందుకో చూసుకోకుండా జరిపేశాను. ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఒకటో తారీకు సరే. కొండ కింద స్టేషన్‌కు నేను తీసుకువస్తాను. ఆసుపత్రి కాగితాలు, మందులు వేరే సంచిలో పెడతాను. పొద్దున వేసుకునేవి తెల్ల మూత సీసాలో ఉంటాయి. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. కొలత గ్లాసు కూడా పెడుతున్నాను. అడిగితే మరో గుక్క ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకూడదు.

సాయంత్రం రేడియో పెట్టుకుంటుంది. వార్తలు నచ్చకపోతే "నీ మొహం, నీకేం తెలుసు" అని రేడియోను తిడుతుంది. మీ అక్కా ఇలాగే తిట్టేది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది. మీ ఇంట్లో రేడియో లేకపోతే ఇది పంపిస్తాను.

ఇంట్లో రెండు కంచాల చప్పుడు అలవాటైంది. అదేమంత పెద్ద సంగతి కాదు.

బావ

*

ఆగస్టు 24

బావా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి వచ్చింది వచ్చినట్టు రాసేస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు.

స్టేషన్లో మనిద్దరం ఏం చేశామో గుర్తుందా? అమ్మని మధ్యలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ చివర నువ్వు, ఈ చివర నేను. నువ్వు "లింకుల దగ్గర కీచుమంటోంది" అన్నావు. నేను "గ్రీజు పెట్టించు" అన్నాను. రైలొచ్చేదాకా రాడ్డు గురించే మాట్లాడుకున్నాం. అమ్మ ఒకసారి నీ వంక, ఒకసారి నా వంక తల తిప్పుతూనే ఉంది, ఎవరైనా ఏదైనా అంటారేమో అని. నాకిది ఇప్పుడు తెలుస్తోంది.

ఇక్కడికొచ్చాక అమ్మ సరిగ్గా తినడంలేదు. రేడియో పెడితే తిట్టడం కూడా లేదు. నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

"ఒరేయ్, నిజం చెప్పు. మీ బావ నన్ను పొమ్మన్నాడా, నువ్వు రమ్మన్నావా?"

"బావ..." అన్నాను. అని ఆగిపోయాను. నువ్వు పొమ్మన్నట్టు ఎక్కడా గుర్తు రాలేదు. నీ ఉత్తరాలు తెచ్చి, మొదటినుంచీ చదివి వినిపించాను. చీపురు పుల్ల దగ్గర నవ్వింది. తువ్వాలు దగ్గరకొచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"వాంతా? అయ్యో పిచ్చి నాయనా!" అంది. "దానికోసమా బండి విప్పించాడు? చెడిపోయిందేమో, బాగు చేయిస్తున్నాడనుకున్నాను. వాంతీ లేదు, గీంతీ లేదురా. పేగుల మాట నిన్ను నవ్విద్దామని అన్నాను. మలుపు రాగానే ఆయన హారన్ నొక్కుతాడు. ఎదుటివాడికి వినపడాలని గట్టిగా, ఆపకుండా నొక్కుతాడు. ఆ మోతలో ఏడిస్తే ఆయనకి వినపడదు కదాని అప్పుడు ఏడ్చేదాన్ని. మలుపు తిరిగాక మోత ఆగుతుంది, నేనూ ఆపేసేదాన్ని."

ఉత్తరాలు మడిచి పక్కన పెట్టాను. "మరి వెనక సీటెందుకే? బావ పక్కన కూర్చోవడం ఇష్టం లేకనా?" అన్నాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది. "పక్కన కూర్చుంటే ఆయన మొహం నాకు కనపడదూ? ఆయన మాత్రం ఏడవొద్దా? అసలే నోరు విప్పని మనిషి. అత్తగారు పక్కనుంటే ఇంకేం ఏడుస్తాడు! వెనకైతే ఎవరి ఏడుపు వాళ్ళది."

అన్నం కలుపుతూ మళ్ళీ తనే అంది. "ఇక్కడ నీ కొట్టు వ్యానులో ఎక్కిస్తావు. దారి గీత గీసినట్టుంటుంది. ఏడుద్దామంటే ఒక్క మలుపు లేదురా."

మా ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది.

బావా, నువ్వు పంపేద్దామనుకుంటున్నావని నేను, నేను తెచ్చుకుందామనుకుంటున్నానని నువ్వు. "పంపను" అని ఒక్క ముక్క రాయకూడదా? నేనైనా "ఉంచుకుంటావా" అని అడగకూడదా? రెండు కంచాల మాట రాసి, పక్కనే పెద్ద సంగతి కాదని ఎందుకు రాశావు? నేను మామూలు బుర్ర ఉన్నవాణ్ణి. కాదంటే కాదనే అనుకుంటాను.

పోనీ వెనక్కి తీసుకొద్దామని ఇవాళ పొద్దున డాక్టరుని అడిగాను. గుండె బాగా నీరసించిందట. ఇక కొండెక్కే ప్రయాణం పెట్టుకోవద్దన్నాడు. కొన్నాళ్ళు ఆగాకైనా అంటే, కొన్నాళ్ళ సంగతి నన్నడక్కండి అన్నాడు. మీ ఊరి ఆసుపత్రికీ ఫోన్ చేశాను. అమ్మ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారట.

అమ్మకి ఇదేదీ చెప్పలేదు. "అల్లుడి ఉత్తరం వచ్చిందా?" అని పొద్దున్నే అడిగింది. నేను రాస్తేనే కదా నువ్వు రాసేది. అందుకే రాస్తున్నాను.

చిన్నోడు

*

ఆగస్టు 29

చిన్నోడూ,

కింద రాసింది నీకు కాదు. అత్తయ్యకు చదివి వినిపించు. మధ్యలో నీ మాటలు కలపకు.

అత్తయ్యకు నమస్కారం.

మీకు నేను ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, అవసరం రాలేదు. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడనూ లేదు.

మిమ్మల్ని పంపించాలని నాకు ఒక్కరోజు కూడా లేదు. కొడుకు తీసుకెళతానంటే వద్దనే హక్కు నాకు ఉందో లేదో తెలియలేదు. మీ అమ్మాయి ఉంటే ఉండేది. తను లేకపోయాక నేను మీకు ఏమవుతానని ఎవరిని అడగాలి? మిమ్మల్నే అడగవలసింది.

మీరు అనుకున్నది నిజం. నేనూ ఏడ్చేవాణ్ణి. దారిలో కాదు, మిమ్మల్ని లోపల దింపి వచ్చాక, ఆసుపత్రి వెనక బండ్లు పెట్టే చోట. మీరు బయటికి వచ్చేసరికి మొహం కడుక్కునేవాణ్ణి.

మీరు ఇప్పట్లో కొండ ఎక్కకూడదని డాక్టరు అన్నాడు. చిన్నోడు మీకు చెప్పలేదు. చెప్పడం నా వంతు అనుకుని రాస్తున్నాను. దాచడం వల్ల మనకు ఇంతవరకు ఒరిగిందేమీ లేదు.

అందుకని నేనే వస్తున్నాను. ఆఫీసులో పొడుగు సెలవు పెట్టాను. వాళ్ళు పెద్దగా అడగలేదు. బొంగురాయన బండి అంతా చూసి, కీచుమనే చోట గ్రీజు పెట్టాడు. "అంత దూరం ఎందుకు సార్, రైల్లో వెళ్ళండి" అన్నాడు. మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పాను. ఆదివారం తెల్లవారగానే బయలుదేరుతాను. చెల్లెమ్మను కుట్టుమిషన్ పక్కన ఒక చాప పరవమనండి, చాలు.

మంగళవారం చిన్నోడు కొట్టుకు వెళతాడు. మిమ్మల్ని నేను తీసుకెళతాను. ఆ దారిలో మలుపులు లేవట. హారన్ కొట్టే పని ఉండదు. అయినా ఈసారి ముందు సీట్లో కూర్చోండి. నాకు వినపడినా పరవాలేదు. మీకు కనపడినా పరవాలేదు.

మీ అల్లుడు